విందిర్ మొదటి ఆల్బం ‘సోక్నర్‌దాల్ర్’ సౌండ్ అంత పచ్చిగా ఎందుకుంది? అయినా దానికంత పేరెందుకు?

విందిర్ నార్వే బ్లాక్ మెటల్ (గరుకు గిటార్, అరుపులతో సాగే ఒక తరహా మెటల్) బ్యాండ్, ‘1184’ వాళ్ళ 2001 ఆల్బం. ఒకరు అడిగినది ఇది: “‘1184’ విని పిచ్చెక్కిపోయింది. అదే ఊపులో విందిర్ మొదటి ఆల్బం పెట్టాను. గిటార్ రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుంది, మధ్యమధ్యలో మామూలు గొంతుతో పాడే ఆయన శ్రుతి మీద నిలబడట్లేదు. దీన్ని ఎందుకింత మోస్తున్నారు? పేగన్ అంటున్నారు కదా, మతం గొడవలేమైనా ఉన్నాయా ఇందులో?”

ముందుగా ఒక మాట, మీ చెవుల్లో తప్పేం లేదు. మీరు చెప్పిన రెండు లోపాలూ నిజంగానే ఉన్నాయి. ఈ సంగీతం ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, గిటార్ కూడా ఏదో వాయిస్తాను, నాకూ మొదటిసారి అచ్చం ఇలాగే అనిపించింది. అప్పట్లో హాస్టల్లో ఒకడి హార్డ్ డిస్క్‌లోంచి కాపీ చేసుకున్న ఫోల్డర్ అది. పాటల పేర్లు సగం చెడిపోయి ప్రశ్నార్థకాలు వచ్చేవి, బిట్‌రేట్ గురించి అడగొద్దు. రెండు పాటలు విని డిలీట్ కొట్టేశాను. మళ్ళీ దాని దగ్గరికి రావడానికి నాలుగైదేళ్ళు పట్టింది. అందుకని “మీకు అర్థం కాలేదు, ట్రూ బ్లాక్ మెటల్ అంటే అలాగే ఉంటుంది” అనే బాపతు జవాబు నేను ఇవ్వను. అది జవాబు కాదు, దబాయింపు.

ఇది ఎవరు చేశారో తెలిస్తే సగం ముడి విడిపోతుంది. విందిర్ అంటే మొదట్లో బ్యాండే కాదు, ఒక కుర్రాడు. అసలు పేరు తెర్యే బక్కెన్, పెట్టుకున్న పేరు వాల్‌ఫార్. పుట్టింది 1978 సెప్టెంబర్ 3న, పశ్చిమ నార్వేలో సోగ్న్‌దాల్ అనే చిన్న ఊళ్ళో. సోగ్నెఫ్యోర్డ్ అని రెండొందల కిలోమీటర్ల పొడవున సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన చోటు ఉంది కదా, దాని ఒక పాయ ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. 1994లో విందిర్ మొదలుపెట్టేనాటికి వాడికి పదిహేను, పదహారేళ్ళు. ఆ ఏడాది ఒక డెమో (నమూనా రికార్డింగ్), మరుసటి ఏడాది ఇంకో డెమో, 1997లో ఈ ఆల్బం. అంటే మీరు వింటున్నది మన లెక్కలో ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో ఉండే వయసు కుర్రాడి పని. గిటార్లు వాడే, బేస్ వాడే, కీబోర్డు వాడే, అరుపులూ వాడివే. డ్రమ్స్ మాత్రం స్టైన్‌గ్రిమ్, ఆ మామూలు గొంతు స్టైనార్సన్ అనే ఆయనది. విడుదల చేసిన హెడ్ నాట్ ఫౌండ్ అనే చిన్న లేబుల్‌ని నడిపింది మెటాలియన్, ‘స్లేయర్’ అనే అండర్‌గ్రౌండ్ పత్రిక నడిపిన ఆయనే.

ఒక్కడే అన్నీ వాయిస్తే ఏమవుతుందో ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ళకి బాగా తెలుసు. మొదట ఒక గిటార్ వేస్తాం. దాని మీద ఇంకో గిటార్. “ఇక్కడ నువ్వు కాసేపు ఆగు, నేను వాయిస్తా” అని చెప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు. మన ట్యూన్ మనకి ముద్దు కాబట్టి అదే ట్యూన్ కీబోర్డు మీద కూడా పెడతాం. ‘సోక్నర్‌దాల్ర్’లో జరిగింది చాలావరకు ఇదే. గిటార్ పై తీగల మీద ట్యూన్ నడుస్తుంటుంది, కీబోర్డులోని వయొలిన్ల సౌండ్ కూడా దాదాపు అదే ఎత్తులో వెంట పరిగెడుతుంటుంది. రెండూ ఒకే జాగా కోసం కొట్టుకుంటాయి, కింద బేస్ పల్చగా ఉంటుంది కాబట్టి ఆ పైదంతా నేల లేకుండా గాల్లో వేలాడుతున్నట్టు వినిపిస్తుంది. రేకుడబ్బా అని మీరన్నది దీన్నే. ఈ తరహా బ్లాక్ మెటల్ గిటార్ టోన్‌లో మామూలుగానే లోతు తీసేసి గరుకు పెంచుతారు, దానికి ఈ రద్దీ తోడైంది. కావాలని చేసిన ‘పచ్చిదనం’ కొంత, చేతకానితనం కొంత. ఎవరైనా అంతా కావాలనే చేశారంటే నమ్మకండి.

మరి పేరెందుకంటే, ట్యూన్ల వల్ల.

మెటల్ గిటార్‌లో మామూలుగా రిఫ్ అనేది కింది తీగల మీద దరువులాగా ఉంటుంది, దాని మీద గొంతు పాటని మోస్తుంది. ఇక్కడ తిరగబడింది. పాటని మోసేది గిటార్. గొంతు పక్కన నిలబడి అరుస్తుందే తప్ప అందులో రాగం ఉండదు. గిటార్ ఒక్కొక్క స్వరాన్ని ట్రెమోలో పికింగ్‌తో, అంటే పిక్‌ని తీగ మీద ఆపకుండా పైకీ కిందకీ ఆడిస్తూ, కమాను గీసినట్టు సాగదీస్తుంది. మీటే వాయిద్యం కదా గిటార్, స్వరం వెంటనే చచ్చిపోతుంది, దాన్ని ఫిడేలులాగానో అకార్డియన్‌లాగానో నిలబెట్టి పాడించడానికి ఇదొక ఉపాయం. అప్పటికి నార్వేలో అందరూ ట్రెమోలో వాయిస్తున్నవాళ్ళే, అదేం కొత్త కాదు. కానీ చాలామంది దానితో ఒక వాతావరణం, ఒక చలి, ఒక భయం పుట్టించడానికి చూశారు. ఈ కుర్రాడు దానితో పల్లె నాట్యాలకి వాయించే లాంటి ట్యూన్లు కట్టాడు. నాలుగు ముక్కల ట్యూన్, మొదటి ముక్క ప్రశ్నలా పైకి లేస్తుంది, రెండోది జవాబులా దిగుతుంది, మూడోది మళ్ళీ మొదటిదే, నాలుగోది ఇంటికి చేరుస్తుంది. మన జానపదాల్లో కూడా ఇదే లెక్క కదా.

ఒక చిన్న పరీక్ష చెప్తాను, చేసి చూడండి. ఆల్బంలో ఏదో ఒక పాట, ‘లిక్‌బోర్’ అనుకోండి, రెండుసార్లు వినండి. తర్వాత ప్లేయర్ ఆపేసి, అంట్లు తోముకుంటూనో బండి మీద వెళ్తూనో దాన్ని కూనిరాగం తీయండి. డ్రమ్స్ పోతాయి, డిస్టార్షన్ పోతుంది, అరుపులు పోతాయి, ట్యూన్ మిగులుతుంది. అది ఎంత పాతదిగా, ఎవరో తాతలు పాడుకున్నదిగా అనిపిస్తుందో చూడండి. చాలా బ్లాక్ మెటల్ ఆల్బంలకి ఇలా చేస్తే చేతిలో ఏమీ మిగలదు (అది వాటి తప్పు కాదు, వాటి పని వేరు). శాస్త్రీయ సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి ఒక మాట, నా చెవికి ఎక్కువగా వినిపించేవి నఠభైరవి స్వరాలు, అక్కడక్కడా నిషాదాన్ని పైకి తోసి కీరవాణి రంగు తెస్తాడు. గమకాలు వెతక్కండి, ఉండవు. తిశ్రంలో నడిచే చోట్లు మాత్రం పట్టుకోండి, డ్రమ్స్ ఎంత వేగంగా ఉన్నా ఆ ఒకటీ రెండూ మూడూ ఊపు దొరికితే తల దానంతటదే ఆడుతుంది.

ఇక భాష. వేరే దేశంవాళ్ళు పట్టించుకోకుండా దాటేసేది ఇదే, నాకు మాత్రం ఆల్బం మీద ఇష్టం పెరగడానికి ఇదే కారణం. నార్వేజియన్‌కి రాతలో రెండు అధికారిక రూపాలున్నాయి. నగరాల్లో, పత్రికల్లో ఎక్కువగా కనపడేది బూక్‌మోల్. రెండోది నీనోర్స్క్, పందొమ్మిదో శతాబ్దంలో ఈవార్ ఓసెన్ అనే ఆయన ఊరూరా తిరిగి పల్లె మాండలికాలు పోగేసి కట్టిన భాష. సోగ్న్ ప్రాంతం పూర్తిగా ఈ రెండోదాని అడ్డా, దాని మాండలికాన్ని సోగ్నమోల్ అంటారు. వాల్‌ఫార్ పాటలు రాసింది ఆ యాసలో. మొదటి పాట పేరే చూడండి, ‘సోగ్నరీకె సీనె క్రీగారార్’. అంటే సోగ్న్ రాజ్యపు యోధులు. మాటకి మాట పెడితే “సోగ్న్ రాజ్యం, దాని యోధులు”. ‘యొక్క’ అనాల్సిన చోట ‘దాని’ అని ముడేసే పద్ధతి, పడమటి నార్వేలో నోట్లో నానేది. బూక్‌మోల్‌లో యోధులంటే ‘క్రీగెరె’, ఈ కుర్రాడు ‘క్రీగారార్’ అని రాశాడు. శ్రీకాకుళం కుర్రాడో పాలమూరు కుర్రాడో మొదటి క్యాసెట్‌కే పత్రికల భాష పక్కన పెట్టేసి ఇంట్లో మాట్లాడే మాటతో పాట కట్టినట్టు.

ఆల్బం పేరు కూడా అంతే. సోక్నర్‌దాల్ర్ అనేది సోగ్న్‌దాల్‌కి పాత నార్స్ భాషలో పేరు. ‘దాల్ర్’ అంటే లోయ. ‘సోక్న్’ అనేది ఆ లోయలో పారే ఏటి పాత పేరు, దారి వెతుక్కుంటూ పోయేది అని అర్థం చెప్తారు. అంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆల్బం పేరుగా సాతానునీ నరకాన్నీ పెట్టుకోలేదు, తన ఊరి ఏటి పేరు పెట్టుకున్నాడు. పాటల పేర్లలో ‘చీకటి రాజు’ అనే అర్థం వచ్చేదీ ఒకటుంది లెండి, ఆ వయసులో అది లేకపోతే ఆశ్చర్యపోవాలి. మిగతావాటిలో ఎక్కువ ఊళ్ళ పేర్లు, దిబ్బల పేర్లు, యోధులు, శవాన్ని మోసుకెళ్ళడం. తన సంగీతానికి వాడు పెట్టుకున్న పేరు కూడా బ్లాక్ మెటల్ కాదు, పేగనూ కాదు, ‘సోగ్నమెటల్’.

దీంతో మీ మతం ప్రశ్నకి వద్దాం. అడగాల్సిన ప్రశ్నే. పేగన్ మెటల్‌లో, అంటే క్రైస్తవానికి ముందటి పాత నమ్మకాల గురించి పాడే మెటల్‌లో, పూర్వీకులు, రక్తం, నేల అంటూ మొదలుపెట్టి నాజీ చెత్తలోకి జారిపోయిన బ్యాండ్లు ఉన్నాయి, కొత్త బ్యాండ్ దొరికినప్పుడు కాస్త చూసుకుని వినడం మంచి అలవాటు. పైగా నార్వే బ్లాక్ మెటల్ అనగానే చర్చిలు తగలబెట్టిన సంగతి గుర్తొస్తుంది, 1992 జూన్‌లో బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్ చెక్క చర్చి కాలింది, 1993 ఆగస్టులో మేహెమ్ బ్యాండ్ గిటారిస్టు యూరోనిమస్ హత్య జరిగింది. విందిర్ మొదలైంది ఆ రెండూ జరిగాక, వాటికి దూరంగా. సోగ్న్ ఆ పాత చెక్క చర్చిలకి పుట్టినిల్లు లాంటిది, ఊర్నెస్ చర్చి అక్కడే, కౌపాంగర్ చర్చి అయితే సోగ్న్‌దాల్ పక్కనే. వీడు వాటి మీద పడి ఏడవలేదు. వీడికి పేగన్ అంటే పూజా కాదు, పార్టీ కూడా కాదు, తమ లోయలో వెనకటికి ఏం జరిగిందనే కుతూహలం.

ఆ కుతూహలం ఎంతదూరం వెళ్ళిందంటే, మీకు నచ్చిన ‘1184’ పేరు వెనకున్న కథ కూడా అదే. 1184 జూన్ 15న సోగ్నెఫ్యోర్డ్‌లో ఫిమ్రైతె దగ్గర రాజు స్వెర్రెకీ, రాజు మాగ్నుస్ ఎర్లింగ్‌సన్‌కీ ఓడల యుద్ధం జరిగింది. అంతకుముందు చలికాలంలో స్వెర్రె పెట్టిన అధికారిని అక్కడి జనం చంపేశారు, దానికి కక్షగా ఆయన సోగ్న్‌దాల్‌ని తగలబెట్టించాడు. యుద్ధంలో సోగ్న్ వాళ్ళు మాగ్నుస్ వైపు నిలబడ్డారు, ఓడిపోయారు, మాగ్నుస్ నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు. అంటే వీడు గొప్పగా చెప్పుకునే చరిత్ర గెలిచిన వైకింగుల చరిత్ర కాదు, ఓడిపోయి ఇళ్ళు కాలిన ఊరి చరిత్ర. ఆ యుద్ధం నాటికి నార్వే క్రైస్తవంలోకి వచ్చి చాలా కాలమైంది కూడా. పేగన్ అనే లేబుల్ ఎంత వదులుగా అంటించారో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి, తర్వాతి రోజుల్లో విందిర్‌లో వాయించినవాళ్ళు కొందరు కలిసి వ్రైడ్ అనే బ్యాండ్ పెట్టి, 2009లో ‘మిలోర్గ్’ అనే ఆల్బం చేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి ఎదురు తిరిగిన నార్వే రహస్య సేన పేరది. కాబట్టి ఆ విషయంలో టెన్షన్ పడకుండా వినొచ్చు.

మామూలు గొంతు సంగతి. దీని మీద నేను బ్యాండ్‌ని వెనకేసుకురాను. కొన్నిచోట్ల నిజంగానే శ్రుతి కింద ఉంటుంది, ఇంకో రెండు టేకులు తీసుకుని ఉంటే సరిపోయేది, డబ్బో టైమో చాల్లేదేమో మరి. కానీ ఆఖరి పాట, ఆల్బం పేరుతోనే ఉన్నది, అందులో ఆ గొంతు తీసేసి ఒక ట్రైనింగ్ ఉన్న గాయకుణ్ణి పెట్టి ఊహించుకోండి. నాకు నచ్చలేదు. అది పెళ్ళి ఊరేగింపులోనో ఊరి సభలోనో మీసాలాయన లేచి నిలబడి పాడే పాటలాంటిది, గొంతులో పట్టు లేకపోయినా పాట మాత్రం ఆయన సొంతం. మిగతా పాటల్లో ఆ గొంతు నన్ను ఇప్పటికీ చిరాకు పెడుతుంది. ఈ ఒక్కదాంట్లో అది లేకపోతే పాట లేదు.

‘1184’కీ దీనికీ ఇంత తేడా ఎందుకంటే అప్పటికి విందిర్ నిజంగా బ్యాండ్ అయింది. మధ్యలో 1999లో ‘ఆర్న్‌తోర్’ వచ్చింది, అది కూడా చాలావరకు వాల్‌ఫార్ ఒక్కడి పనే, కానీ రెండేళ్ళలో చెయ్యి ఎంత తిరిగిందో చెప్పలేను, మొదటి పాటలో అకార్డియన్ ట్యూన్‌ని గిటార్ అందుకునే క్షణం ఒక్కటి చాలు. నన్నడిగితే వాళ్ళ ఆల్బంలన్నిటిలో అదే బెస్ట్, ‘1184’ దాని తర్వాతే. ఈ మాట మీద నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, పడనివ్వండి. తర్వాత ఉల్కుస్ అనే అదే ఊరి బ్యాండ్ కుర్రాళ్ళు వచ్చి చేరారు, స్టైన్‌గ్రిమ్ కూడా వాళ్ళలో వాడే. దాంతో 2001లో ‘1184’కి బేస్ వాయించేవాడు వేరు, కీబోర్డు వాయించేవాడు వేరు, ఒకరి జాగా ఒకరు తొక్కరు. పాటలు కొన్ని ఇంగ్లిష్‌లోకి కూడా మారాయి. సౌండ్ గెలిచింది, నిజమే. ఆ ట్యూన్లు కట్టే పద్ధతి మాత్రం మొత్తం 1997లోనే తయారై ఉంది, కొత్తగా వచ్చింది దానికి వేసిన నేల.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఈ ఆల్బం మీద వచ్చే పొగడ్తల్లో కొంత వాల్‌ఫార్ చావు వల్ల వచ్చింది. 2003లో ‘లిక్‌ఫెర్డ్’ విడుదల చేశారు, ఆ మాటకి శవయాత్ర అని అర్థం. 2004 జనవరిలో వాల్‌ఫార్ ఫాగెరెంగ్ దగ్గరున్న తమ కుటుంబం వాళ్ళ కొండ కుటీరానికి నడిచి బయల్దేరాడు, దారిలో మంచు తుఫాను పట్టుకుంది, చేరలేదు. కొన్ని రోజులకి సోగ్న్‌దాల్ లోయలో రెప్పస్తోలెన్ అనే చోట దొరికాడు, చలికే చనిపోయాడు. ఇరవై ఐదేళ్ళు. మిగతావాళ్ళు విందిర్‌ని ఆపేసి, ఆ ఏడాది సెప్టెంబర్ 3న, వాడి పుట్టినరోజున, ఓస్లోలో రాకెఫెల్లర్ హాల్లో చివరి కచేరీ చేశారు. ఇదంతా తెలిశాక తన లోయ గురించి, శవం మోయడం గురించి పద్దెనిమిదేళ్ళప్పుడు పాడిన పాటలు వింటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. నాకూ పట్టేస్తుంది. కానీ మొదటిసారి వినేటప్పుడు ఆ బరువు నెత్తిన పెట్టుకోకండి, లేకపోతే బాగోలేని చోట కూడా బాగుందని మీకు మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.

ఎలా వినాలంటారా. ‘1184’ తర్వాత సరాసరి దీనికి దూకారు, అక్కడ దెబ్బతిన్నారు. ముందు ‘ఆర్న్‌తోర్’ ఒక వారం వినండి, చెవి మెల్లగా అలవాటు పడుతుంది, తర్వాత ఇది. యూట్యూబ్‌లో ఎవరెవరో పెట్టిన అప్‌లోడ్‌లు వద్దు. పై శబ్దాలు ముందే గరుకుగా ఉన్న రికార్డింగ్‌ని ఇంకా కుదించేసరికి ఆ గిటార్, సింబల్స్ కలిసి ఇసకలా గరగరమంటాయి, మీరు విన్నది అలాంటిదేనేమో కూడా చూసుకోండి. సీడీయో, సరైన స్ట్రీమింగో పెట్టుకోండి. బేస్ బూస్ట్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో కాకుండా మామూలు స్పీకర్లలో, గదిలో కాస్త దూరంగా కూర్చుని వింటే గిటార్, కీబోర్డు కొట్టుకోవడం తగ్గి ట్యూన్ ముందుకొస్తుంది, ఇది నేను చాలాసార్లు చేసి చూసిన సంగతి. ఈక్వలైజర్ ఉంటే మూడు నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించండి, కింద నూట యాభై దగ్గర కొంచెం పెంచండి. ప్యూరిస్టులు తిడితే నా పేరు చెప్పండి.

మొదట ‘లిక్‌బోర్’, తర్వాత మొదటి పాట, తర్వాత ఆఖరి పాట. ఈ మూడూ ఎక్కకపోతే మిగతా ఆల్బం కోసం కష్టపడొద్దు, ‘1184’ దగ్గరే హాయిగా ఉండిపోండి, అదేం తక్కువ ఆల్బం కాదు.